డాబా మీద, గచ్చు మీద రబ్బరు టైల్స్ వేసుకోవడం ఎలా? (వైజాగ్ వాళ్ళకి)

మొదటే ఒక మాట చెప్పేస్తాను. రబ్బరు టైల్స్ పరచడం బ్రహ్మవిద్యేం కాదు. ఇద్దరు మనుషులు, పదునైన కత్తి, ఇనుప స్కేలు, కాస్త ఓపిక ఉంటే డాబా మీద ఓ మూలో, ఇంటి ముందు గచ్చో ఒక్క రోజులో అయిపోతుంది. అసలు పనంతా మొదటి టైల్ కింద పెట్టకముందే ఉంది. వాన పడితే ఆ నీళ్ళు టైల్ కింద నుంచి ఎటు పోతాయి? దీనికి జవాబు తేల్చుకోకుండా పని మొదలుపెడితే, మన వైజాగ్ లాంటి ఊళ్ళో అక్టోబరు వానలు రాగానే కింద మురికి నీళ్ళు నిలిచి, పాచి పట్టి, దోమలు పుట్టి, కొన్నాళ్ళకి అన్నీ పీకి పడేయాల్సి వస్తుంది. అందుకే ఇక్కడ సగం నీళ్ళ గురించే ఉంటుంది, విసుక్కోకండి.

ముందు ఏ టైలో తేల్చుకోండి

షాపులో "రబ్బరు టైల్" అని చూపించేవన్నీ ఒకటి కావు. పాత టైర్లని నలగ్గొట్టి, ఆ పలుకుల్ని పాలీయురిథేన్ జిగురుతో (అందరూ పీయూ అంటారు) కలిపి అచ్చులో నొక్కి చేసేవి ఒక రకం. ఇవి ఎక్కువగా 500 మిల్లీమీటర్ల చదరం, మందం 20 నుంచి 50 మి.మీ. దాకా ఉంటుంది. అవే టైల్స్ మీద ఈపీడీఎం అనే రంగు రబ్బరు పలుకుల పొర వేసినవి ఇంకో రకం, ధర ఎక్కువ. ఇక పజిల్ ముక్కల్లా ఒకదాంట్లో ఒకటి ఇరికించే తేలికైన మ్యాట్లు ఉంటాయి చూడండి, అవి చాలావరకు రబ్బరు కాదు, ఈవీఏ ఫోమ్. ఇంట్లో పసిపిల్లల గదికి బాగానే ఉంటాయి గానీ బయట ఎండకి ముడుచుకుపోతాయి, గాలికి లేచిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎవరి డాబా మీది సామాను ఎవరింట్లో తేలిందో చూసిన వాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

మామూలుగా నడవడానికి, కూర్చోవడానికి, కాస్త వ్యాయామానికి 25 మి.మీ. టైల్ సరిపోతుంది. ఒక్కోటి సుమారు అయిదు కిలోలు ఉంటుంది, అంటే చదరపు అడుగుకి రెండు కిలోల లెక్క. శ్లాబుకి ఈ బరువు ఒక లెక్కలోది కాదు.

కొనేముందు టైల్‌ని తిప్పి అడుగు చూడండి, ఇదే ముఖ్యం. ఆరుబయట వేసే టైల్‌కి అడుగున పొట్టి పొట్టి కాళ్ళో, పొడవాటి గాడులో ఉండాలి. నున్నగా, బల్లపరుపుగా ఉంటే అది జిమ్ గదికి చేసింది. బయట వేస్తే గచ్చుకి అతుక్కుని తడిని అలాగే పట్టి ఉంచుతుంది. తర్వాత అంచుని గోరుతో గట్టిగా గీరండి, పలుకులు రాలుతుంటే జిగురు తక్కువ వేశారన్నమాట, వదిలేయండి. తడిపిన తెల్లగుడ్డతో పైన రుద్దండి. రంగు గుడ్డకి అంటుకుంటే రేపు మీ పిల్లల పాదాలకీ అంటుకుంటుంది. టైర్ పొడికి పైపైన రంగు పట్టించిన ఎరుపు, ఆకుపచ్చ టైల్స్ మన ఎండకి వెలిసిపోవడం ఖాయం. ఈపీడీఎంలో రంగు పలుకు లోపలిదాకా ఉంటుంది కాబట్టి అది చాలా కాలం నిలుస్తుంది. నలుపు చవక, కానీ మే నెల మధ్యాహ్నం నల్ల టైల్ మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేరు. నీడ లేని డాబా అయితే బూడిద రంగో, లేత రంగో తీసుకోండి.

జారుడుబల్ల, ఉయ్యాల కింద వేయడానికైతే లెక్క వేరు. మందం ఎంత అని కాదు, ఎంత ఎత్తు నుంచి పడితే తలకి పెద్ద దెబ్బ తగలకుండా కాపాడుతుంది అని అడగాలి. యూరప్‌లో దీనికి ఈఎన్ 1177 అని ఒక ప్రమాణం ఉంది: తల ఆకారంలో ఉన్న లోహపు బరువుని రకరకాల ఎత్తుల నుంచి వదిలి, తల దెబ్బ సూచిక (దెబ్బ ఎంత గట్టిదో చెప్పే అంకె) 1000 దాటని ఎత్తు ఎంతో చూస్తారు. తయారీదారు దగ్గర ఆ పరీక్ష కాగితం ఉంటుంది. అందులో రాసిన ఎత్తు మీ జారుడుబల్ల పైమెట్టు కంటే తక్కువైతే ఆ టైల్ పనికిరాదు, షాపువాడు "అందరూ ఇదే తీసుకెళ్తున్నారు సార్" అన్నా సరే.

కింద ఏముంది, అది ఎలా ఉంది

సిమెంటు గచ్చు, కాంక్రీటు, మొజాయిక్, కడప బండలు, పార్కింగ్ టైల్స్ ఏవైనా పర్వాలేదు, గట్టిగా ఉండి కదలకుండా ఉంటే చాలు. పేవర్ బ్లాకుల మీద వేయాలంటే ముందు ప్రతి బ్లాకు మీదా కాలేసి తొక్కి చూడండి, ఊగేవాటిని తీసి ఇసుక పోసి మళ్ళీ బిగించండి. మట్టి మీద, ఇసుక మీద నేరుగా వేసే పద్ధతి ఇది కాదు. కొత్తగా పోసిన కాంక్రీటైతే 28 రోజులు ఆగండి.

ఇప్పుడు బకెట్ పరీక్ష. టైల్స్ వేయబోయే చోట ఎత్తయిన వైపు నుంచి నాలుగైదు బకెట్ల నీళ్ళు పోసి, నిలబడి చూడండి. నీళ్ళు తూము వైపే వెళ్తున్నాయా, మధ్యలో ఆగుతున్నాయా, గోడ వారకి చేరుతున్నాయా? మేస్త్రీలు వాటం అంటారే, అది నూటికి ఒకటి ఉంటే బాగుంటుంది, అంటే పది అడుగుల పొడవుకి అంగుళం పైచిలుకు దిగాలి. అరగంట తర్వాత మళ్ళీ వెళ్ళి చూడండి. ఇంకా నీళ్ళు నిలిచి ఉన్న చోట్ల చుట్టూ సుద్దతో గీత గీసి, మధ్యలో ఒక రూపాయి బిళ్ళ పడేయండి. బిళ్ళ పూర్తిగా మునిగితే ఆ గుంటని పూడ్చాల్సిందే. మామూలు సిమెంటు పలచగా పూస్తే కొన్ని నెలల్లో పెచ్చులుగా లేచిపోతుంది, సిమెంటులో లేటెక్స్ (పాల లాంటి జిగురు ద్రవం) కలిపి వేయించండి, అది పాత గచ్చుని పట్టుకుంటుంది. గట్టిగా ఉన్న మిట్టలుంటే చెక్కించేయండి, ఎందుకంటే రబ్బరు మెత్తనిది కాబట్టి కింద ఏముంటే అదే పైకి కనిపిస్తుంది.

డాబా అయితే ఇంకో మాట. కింది గదిలో సీలింగ్ మీద చెమ్మ మరక ఉందా? ఉంటే టైల్స్ మాట పక్కన పెట్టి ముందు ఆ లీకు సంగతి చూడండి. వాటర్‌ప్రూఫింగ్ చేయించి, తూము మూసి, కనీసం 24 గంటలు నీళ్ళు నిలబెట్టి, కింద చుక్క దిగలేదని రూఢి చేసుకున్నాకే టైల్స్. లీకు మీద రబ్బరు పరిస్తే లీకు పోదు, కనపడకుండా పోతుంది, అది ఇంకా ప్రమాదం. అపార్ట్‌మెంటైతే డాబా అందరిదీ కాబట్టి అసోసియేషన్‌కీ, ముఖ్యంగా పై ఫ్లోర్ వాళ్ళకీ ముందే చెప్పండి. తర్వాత గొడవలు పడటం కంటే ఇది నయం. ఎండ తగ్గడానికి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించి ఉంటే దాని మీద నల్ల రబ్బరు వేయడం డబ్బు దండగ. పెయింట్ వేసిందే ఎండని తిప్పికొట్టడానికి, దాన్ని మీరే కప్పేస్తున్నారు, పైగా రబ్బరు ఆనిన చోటల్లా తెలుపు మీద పసుపు, గోధుమ రంగు మరకలు పడతాయి.

శుభ్రం చేసేటప్పుడు బద్ధకించకండి. వైజాగ్ చెమ్మకి నీడ పడే గచ్చు మీద పాచి ఎప్పుడూ ఉంటుంది, ఎండాకాలంలో ఎండిపోయి నల్లగా కనిపిస్తుందంతే, చావదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు చల్లి, పావుగంట ఆగి, వైరు బ్రష్‌తో రుద్ది, బాగా కడిగేయండి. బ్లీచింగ్ పౌడర్‌తో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, ఒకదాని వెంట ఒకటి కూడా వాడకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి అందదు. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ళ మీద నల్లటి ధూళి పడుతూ ఉంటుంది కదా, అక్కడివాళ్ళు ఒకసారి కడిగి, ఆరాక గుడ్డతో తుడిచి చూసి, ఇంకా నలుపు వస్తే మళ్ళీ కడగండి. జిగురు వేసే ఆలోచన ఉంటే ఈ ధూళి పొర మీద ఏ జిగురూ నిలవదు.

ఎన్ని టైల్స్ కావాలి

500 మి.మీ. టైల్ ఒక్కోటి 2.69 చదరపు అడుగులు. వంద చదరపు అడుగులకి 37, పై పదిశాతం తరుగు వేసుకోమని అందరూ చెబుతారు. ఈ లెక్కని నమ్ముకుని ఆర్డర్ ఇవ్వకండి, కాగితం మీద గీసుకోండి. ఎందుకో ఒక ఉదాహరణ చూడండి.

స్థలం 10 అడుగులు × 12 అడుగులు అనుకుందాం. వైశాల్యం ప్రకారం 45 టైల్స్, తరుగుతో కలిపి 50. ఇప్పుడు గీసి చూడండి. పది అడుగులంటే 3048 మి.మీ. ఆరు టైల్స్ వేస్తే 3000 అయిపోయింది, మిగిలింది 48 మి.మీ. గోడ దగ్గర రెండు వైపులా పది పది మి.మీ. ఖాళీ వదలాలి, అంటే మీరు కోసి పెట్టాల్సిన ముక్క 28 మి.మీ. వెడల్పు. వేలి రెండు కణుపులంత కూడా లేని ఆ ముక్క నెలలోపే లేచిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి మధ్యలో అయిదు నిండు టైల్స్ వేసి రెండు చివరలా 264 మి.మీ. ముక్కలు పెట్టొచ్చు, చూడటానికీ బాగుంటుంది, కానీ 264 అంటే సగం కంటే ఎక్కువ కాబట్టి ఒక టైల్ నుంచి ఒక్క ముక్కే వస్తుంది. పన్నెండడుగుల వైపు కూడా ఇలాగే చేస్తే ఆరు నిండువి, రెండు చివరలా 318 మి.మీ. ముక్కలు. అడ్డంగా ఏడు, నిలువుగా ఎనిమిది, మొత్తం 56 టైల్స్! యాభై తెచ్చుకున్నవాడు ఆదివారం సాయంత్రం ఆరు టైల్స్ కోసం ఊరంతా తిరగాలి, అప్పటికి ఆ బ్యాచ్ రంగు దొరకదు.

డాబా మీదైతే నేను చెప్పేది మూడో దారి. అసలు కోయకండి. అడ్డంగా ఆరు, నిలువుగా ఏడు, 42 నిండు టైల్స్ మధ్యలో పెట్టేయండి. పది అడుగుల కొలతలో రెండు పక్కలా అంగుళం చొప్పున, పన్నెండడుగుల కొలతలో రెండు చివరలా మూడేసి అంగుళాలు పిట్టగోడ వారన ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే మీ వాన కాలువ. టైల్స్ కింద నుంచి వచ్చిన నీళ్ళు అందులో పడి తూముకి పోతాయి, చీపురు పెట్టి ఊడవడానికి కూడా వీలు. బోసిగా ఉందనిపిస్తే గులకరాళ్ళు పోసుకోండి, తూము ఎదురుగా మాత్రం పోయకండి. ఏ దారైనా ఒక నాలుగు టైల్స్ అదనంగా తెచ్చుకోండి.

తెచ్చిన రోజే వేయకండి

టైల్స్ లారీలో దొంతర్లుగా, ఒక్కోసారి నిలువుగా నిలబెట్టి వస్తాయి. వంగిపోయి ఉంటాయి. వాటిని విడదీసి, వేయబోయే చోటే, నీడలో ఒక రోజంతా బల్లపరుపుగా పరిచి ఉంచండి. వంపు పోతుంది, ఆ చోటి వేడికి అలవాటు పడతాయి, కొత్త రబ్బరు వాసన కూడా కొంత తగ్గుతుంది. ఈ లోపల రెండు టైల్స్ పక్కపక్కన పెట్టి ఎత్తు, కొలత పోల్చి చూడండి. అచ్చులో చేసిన సరుకు కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాలుంటాయి, పెద్దవన్నీ ఒక వరసకి, చిన్నవన్నీ ఒక వరసకి వేరు చేసుకుంటే తర్వాత గీతలు వంకర పోవు.

ఎప్పుడు వేయాలి అంటారా, జనవరి నుంచి మార్చి దాకా హాయి. రబ్బరు వేడికి సాగుతుంది, చల్లబడితే దగ్గరవుతుంది. మే మధ్యాహ్నం సాగి ఉన్నప్పుడు వేస్తే చలికాలంలో సందులు పడతాయి, జనవరి తెల్లవారుజామున సుత్తితో కొట్టి కొట్టి ఇరికిస్తే మేలో పొంగి లేస్తాయి. ఎండ మరీ లేని పూట, పొద్దున తొమ్మిదింటిలోపో సాయంత్రమో వేయండి. జిగురు పని పెట్టుకుంటే రెండు రోజుల వాతావరణం చూసుకోండి, బంగాళాఖాతంలో అల్పపీడనం అని విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం అంటే ఆ వారం ఊరుకోండి.

గీత, మూల, పరుపు

పిట్టగోడ తిన్నగా ఉందనుకుని దాని వారన మొదలుపెట్టకండి. మన ఇళ్ళలో రెండు గోడలు సరిగ్గా మూలమట్టంలో కలవడం అదృష్టం. స్థలం మధ్యలో సుద్ద దారంతో ఒక గీత కొట్టండి. దాని మీద ఒక బిందువు దగ్గర నుంచి గీత వెంట 3 అడుగులు, అడ్డంగా 4 అడుగులు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వచ్చేదాకా అడ్డగీతని జరపండి. చోటు పెద్దదైతే 6, 8, 10 తీసుకోండి, తప్పు ఇంకా తక్కువ. ఈ రెండు గీతలు కలిసిన చోట మొదటి టైల్ మూల పెట్టాలి.

అడుగున గాడులుంటే అవి నీళ్ళు పోయే వైపుకి ఉండాలి, వాటానికి అడ్డంగా పెడితే ప్రతి గాడీ ఒక చిన్న చెరువు అవుతుంది. కాళ్ళున్న టైల్‌కి ఈ బాధ లేదు. కొన్ని టైల్స్ అడుగున బాణం గుర్తు ఉంటుంది, అన్నీ ఒకే వైపుకి తిప్పుకోండి.

ఇటుక కట్టులాగా వరస వరసకి సగం టైల్ జరిపి వేస్తే నాలుగు మూలలు ఒక్క చోట కలవవు కాబట్టి మూలలు లేవడం తగ్గుతుంది. పైన చెప్పిన 42 టైల్స్ లెక్కలో కూడా ఇది కుదురుతుంది, వరస తప్పించి వరసలో రెండు చివరలా సగం సగం ముక్కలు వస్తాయి, ఒక టైల్‌ని నడిమికి కోస్తే రెండూ సరిపోతాయి, తరుగు లేదు. ఒకే ఒక్క షరతు, కొన్న టైల్ పక్క చిల్లులు (పక్క టైల్‌తో కలిపే పిన్నులు దూర్చేవి) సగానికి జరిపినా కలిసేలా ఉండాలి, షాపులోనే రెండు పెట్టి చూసుకోండి.

పక్క చిల్లుల్లో పెట్టే పిన్నులు ప్లాస్టిక్‌వే తీసుకోండి. లాసన్స్ బే, రుషికొండ వైపు ఉప్పు గాలికి ఇనుప పిన్ను తుప్పు పట్టి ఉబ్బి టైల్ అంచునే పగలగొడుతుంది. పిన్నుని సగం దాకా ఒక టైల్‌లో దించి, రెండో టైల్‌ని నేల మీదే జరుపుతూ తెచ్చి పిన్ను మీదకి ఎక్కించి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు. రెండు టైల్స్ ఆనితే చాలు, నొక్కుకుపోయేలా బిగించొద్దు. ప్రతి మూడు వరసలకి ఒకసారి దారం లాగి చూడండి. అర సెంటీమీటరు తేడా అప్పుడు సరిచేయడం అయిదు నిమిషాలు, చివరి వరసలో సరిచేయడం అంటే మొత్తం విప్పడమే.

కోయాల్సి వస్తే

గోడ దగ్గరి ముక్కకి టేపుతో కొలవనక్కర్లేదు. చివరి నిండు టైల్ మీద, సరిగ్గా దాని అంచులకి అంచులు కలిపి, కోయాల్సిన టైల్‌ని పెట్టండి. దాని మీద ఇంకో టైల్ పెట్టి గోడ వైపుకి జరపండి, గోడకీ దానికీ మధ్య 10 మి.మీ. చెక్క ముక్క అడ్డం పెట్టి. పై టైల్ వెనక అంచు ఎక్కడ ఆగిందో మధ్య టైల్ మీద అక్కడ గీత. ఇవతల బయటికి కనపడుతున్న భాగమే మీకు కావాల్సిన ముక్క. గోడ వంకరగా ఉన్నా ఈ పద్ధతిలో వంకరకి తగ్గట్టే వస్తుంది.

కింద పాత ప్లైవుడ్ చెక్క వేసుకోండి, గచ్చు మీద కోస్తే బ్లేడు మొన పోతుంది. గీత మీద ఇనుప స్కేలు పెట్టి, మోకాలితో దాన్ని అదిమి, బ్లేడుని సబ్బు నీళ్ళలో ముంచి, మొదటి గాటు పైపైన, ఊరికే దారి కోసం. రెండోది కొంచెం లోతు. మూడో గాటు తర్వాత టైల్‌ని గీత దగ్గర కొద్దిగా వంచి పట్టుకుంటే కోత నోరు తెరుచుకుంటుంది, ఇక బ్లేడు ఇరుక్కోకుండా జారుతుంది. 25 మి.మీ. టైల్‌కి అయిదారు గాట్లు పడతాయి. ఒక్క గాటుకే తెగాలని బలంగా నొక్కేవాళ్ళకే చేతులు తెగేది. బ్లేడు మొండిబారినట్టు అనిపించగానే మార్చండి, బ్లేడ్ల దగ్గర పిసినారితనం వద్దు. గ్రైండర్ మాత్రం పెట్టకండి, రబ్బరు కోసుకుపోదు, కరిగి పొగ వస్తుంది, ఆ కంపు వీధంతా.

పైపు అడ్డం వస్తే పైపు చుట్టుకొలతని అట్ట మీద కోసి చూసుకుని, ఆ అట్టని టైల్ మీద పెట్టి గీసి కోయండి. పైపు చుట్టూ అర అంగుళం వదలండి. తూము మీద టైల్ వస్తే అక్కడ పిన్ను పెట్టకుండా ఊరికే పరిచి వదిలేయండి, ఎప్పుడంటే అప్పుడు ఎత్తి చెత్త తీయాలి కదా.

జిగురు ఎక్కడ, ఎక్కడ వద్దు

డాబా మీద కిందకి జిగురు వద్దు. వాటర్‌ప్రూఫ్ పూత మీద అతికిస్తే, రేపు ఒక టైల్ తీయాల్సి వచ్చినప్పుడు దానితోపాటు పూత కూడా ఊడి వస్తుంది. పిన్నులు, టైల్ బరువు, చుట్టూ ఉన్న పిట్టగోడ చాలావరకు చూసుకుంటాయి. పెనుగాలి టైల్‌ని మధ్యలో పట్టుకోదు, అంచు కిందకి దూరి ఎత్తుతుంది కాబట్టి బయటి రెండు వరసల టైల్స్‌ని ఒకదానికొకటి, పక్క అంచులకి మాత్రం పీయూ జిగురు రాసి అతికించేయండి. అప్పుడు గాలి ఒక్క టైల్‌ని కాదు, పెద్ద చట్రాన్ని ఎత్తాలి. పిట్టగోడ లేని, రెయిలింగ్ మాత్రమే ఉన్న డాబా అయితే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు అంచు వరస మీద ఇసుక బస్తాలో, పూలకుండీలో పెట్టండి.

కింద ఇంటి ముందు గచ్చు, అపార్ట్‌మెంట్ ఆటస్థలం లాంటి చోట్ల పిల్లలు పరుగెత్తుతారు, సైకిళ్ళు తిప్పుతారు, అక్కడ అతికించడమే మంచిది. ముందు చెమ్మ చూడండి. అడుగున్నర చదరం పాలిథీన్ ముక్కని గచ్చు మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, సాయంత్రం పెట్టి మర్నాడు పొద్దెక్కాక తీయండి, కనీసం 16 గంటలు ఉండాలి. కింద నీటి బిందువులున్నా, గచ్చు రంగు ముదిరినా ఇంకా ఆరనివ్వాలి.

జిగురు డబ్బా గురించి జాగ్రత్త. ఒకే డబ్బాలో వచ్చే పీయూ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, మన దగ్గర తేమకి కొదవా! మూత తీసి టీ తాగి వచ్చేసరికి పైన మీగడ కట్టేసి ఉంటుంది. చిన్న డబ్బాలు తెచ్చుకోండి, పళ్ళున్న తాపీతో ఒకసారికి మూడు నాలుగు టైల్స్‌కి సరిపడా మాత్రమే రాయండి, వెంటనే టైల్ వేసి మధ్య నుంచి అంచులకి కాలితో తొక్కండి. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఆరిపోయాక సబ్బుకీ, కిరోసిన్‌కీ దేనికీ పోదు, చర్మం రాలినప్పుడే పోతుంది. టైల్ పైన చుక్క పడితే తడిగా ఉన్నప్పుడే గుడ్డతో తీసేయండి. జిగురు రాసేటప్పుడు గాడులూ కాళ్ళ మధ్య సందులూ నిండిపోకుండా చూసుకోండి, నీళ్ళ దారి మూసుకుపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఒక రోజంతా ఎవరినీ తొక్కనివ్వకండి, పిల్లల్ని ఆపడం మీ వల్ల కాకపోతే దారానికి పాత చీర కట్టి అడ్డం పెట్టండి.

గోడ లేని వైపు అంచుకి ఏటవాలు ముక్కలు విడిగా అమ్ముతారు, అవి తప్పకుండా పెట్టండి. ఒక అంగుళం ఎత్తు మెట్టు పగలు కనపడుతుంది, రాత్రి పెద్దవాళ్ళ కాలికి తగులుతుంది.

వేశాక

మొదటి ఒకటి రెండు వానలకి నల్లటి నీళ్ళు దిగొచ్చు, కంగారు పడకండి. రోజూ ఊడవడం చాలు, వారానికోసారి పైపు పెట్టి కడగండి. కొబ్బరి ఈనెల చీపురే దీనికి బాగా పనిచేస్తుంది. కిరోసిన్, పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి బండి సర్వీసు పనులు దాని మీద వద్దు, బండి స్టాండు కూడా వేయొద్దు. కుండీలు పెట్టుకోండి గానీ కింద పళ్ళెం ఉండాలి, ఎర్రమట్టి నీళ్ళు సందుల్లోకి దిగితే రెండు వానాకాలాల్లో టైల్స్ కింద పొలం తయారవుతుంది.

ఎండాకాలం వడియాలు, మాగాయ ముక్కలు ఎండబెట్టే ఇళ్ళు అయితే డాబా మొత్తం కప్పేయకండి, ఒక మూల వట్టి గచ్చు ఉంచండి. రబ్బరు మీద చీర పరిచి ఎండబెట్టినా ఆ వాసన ముక్కలకి పడుతుంది, తర్వాత ఇంట్లో ఏం వినాలో మీకే తెలుసు. ఆ మూల దీపావళికి కూడా పనికొస్తుంది. టైర్ పొడి అంటుకుంటే మండుతుంది, చిచ్చుబుడ్డి కింద టైల్‌కి నల్ల గుంట పడుతుంది, మతాబు నిప్పురవ్వలకి చిన్న చిన్న చిల్లులు పడతాయి. టపాసులు టైల్స్ మీద ససేమిరా వద్దు.

ఏడాదికి రెండుసార్లు, జూన్ వానలకి ముందు ఒకసారి, అక్టోబరు తుపానులకి ముందు ఒకసారి, తూము దగ్గరి టైలూ, వాటం దిగే వైపు జిగురు రాయని మొదటి వరసలో రెండు టైల్సూ ఎత్తి కింద చూడండి. మట్టి పేరుకుని ఉంటే పైపుతో ఎత్తయిన వైపు నుంచి గట్టిగా నీళ్ళు కొట్టి, అది తూము దగ్గర బయటికి వచ్చేదాకా కడగండి. వాన వెలిసిన వారం తర్వాత కూడా కింద నీళ్ళు నిలిచి ఉన్నాయంటే అక్కడ దోమలు పిల్లలు పెట్టేశాయనే లెక్క, డెంగీ దోమకి గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా ఆపాటి సమయం చాలు. ఆ చోట టైల్స్ తీసి గుంట పూడ్పించండి.

ఎప్పుడైనా మధ్యలో ఒక టైల్ పాడైతే, దాచిన కొత్త టైల్‌ని అక్కడ నేరుగా పెట్టకండి. ఎండకి వెలిసిన వాటి మధ్య కొత్తది కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కనపడని మూల నుంచి పాత టైల్ ఒకటి తీసి మధ్యలో వేయండి, కొత్తది ఆ మూలకి.